‘క్వయట్ కెన్నీ’ ఏ ఎడిషన్‌లో వినాలి? పాత సీడీ, కొత్త రీమాస్టర్, జపాన్ డిస్క్, స్ట్రీమింగ్: ఒక పోలిక

అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు కెన్నీ డోరమ్ ఆల్బమ్ ‘క్వయట్ కెన్నీ’ నా ఫోన్‌లో ఐదారేళ్లుగా ఉంది. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకునే జాజ్ లిస్టులో అదొకటి, అంతే. పేరులోనే ‘క్వయట్’ ఉంది కదా, దాని మానాన అది మోగేది, నా మానాన నేను టైప్ చేసుకునేవాణ్ణి. ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్ సీడీల డబ్బా ఒకటి తిరగేస్తుంటే దీని పాత రీఇష్యూ (మళ్లీ వేసిన ఎడిషన్) కనబడింది. తెచ్చి, రాత్రి లైటు ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. ‘అలోన్ టుగెదర్’ వచ్చేసరికి కదలబుద్ధి కాలేదు. మూడు నిమిషాల పాట. డోరమ్ అందులో పెద్దగా విన్యాసాలేమీ చేయడు, ఉన్న బాణీని ఉన్నట్టే, ఎవరికో చెవిలో చెబుతున్నట్టు వాయించి వదిలేస్తాడు. అన్నేళ్లుగా ఫోన్‌లో ఉన్నది ఇదేనా అనిపించింది.

తీరా ఇంకొకరికి కొనిపెడదామని చూస్తే ఒకే ఆల్బమ్‌కి బోలెడు ఎడిషన్లు. ఏది తీసుకోవాలో తేలక నాలాగే కొట్టుమిట్టాడేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణ ఈ ఒక్క ఆల్బమే, కానీ 1950లు, 60ల నాటి మరుగున పడ్డ జాజ్ రికార్డు ఏది పట్టుకున్నా దాదాపు ఇదే తంతు.

ముందు అసలు ఇదేమిటో రెండు ముక్కలు. 1959 నవంబర్ 13న, న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో, సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ కొత్తగా కట్టుకున్న స్టూడియోలో ఒక్క రోజులో రికార్డు చేశారు. ప్రెస్టీజ్ కంపెనీకి అనుబంధంగా ఉన్న న్యూ జాజ్ లేబుల్ మీద వచ్చింది. ట్రంపెట్ డోరమ్‌ది, పియానో టామీ ఫ్లానగన్, బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ ఆర్ట్ టేలర్. ఈ చివరి మూడు పేర్లూ ఎక్కడో కలిపి చూసినట్టుందా? సరిగ్గా ఆరు నెలల ముందు, మే నెలలో, సాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ ‘జెయింట్ స్టెప్స్’లో ఒక్క పాట తప్ప మిగతా అంతా వాయించింది ఈ ముగ్గురే. అక్కడ ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తినవాళ్లు ఇక్కడ కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

మరెందుకు మరుగున పడింది? టైమ్ అలాంటిది. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది, సాక్సఫోన్ వాయించే ఆర్నెట్ కోల్మన్ అదే ఏడాది న్యూయార్క్ వచ్చి జాజ్ లోకాన్నంతా రెండు వర్గాలుగా చీల్చాడు. ఆ రణగొణ మధ్య మెల్లగా మాట్లాడేవాడి మాట ఎవరికి వినబడుతుంది? పైగా డోరమ్ జీవితమంతా ఇంకొకరి కుర్చీలో కూర్చున్నట్టే సాగింది. చార్లీ పార్కర్ బృందంలో మైల్స్ వెళ్లిపోయాక వచ్చాడు, మ్యాక్స్ రోచ్ బృందంలో క్లిఫర్డ్ బ్రౌన్ చనిపోయాక వచ్చాడు. ఈ రోజుకీ జాజ్ నేర్చుకునే ప్రతివాడూ మొదటి నెలల్లోనే వాయించే ‘బ్లూ బోసా’ ఆయన రాసిందే, కానీ చాలామంది దాన్ని సాక్సఫోన్ వాద్యకారుడు జో హెండర్సన్ ఖాతాలో వేస్తారు. కిడ్నీ జబ్బుతో 1972లో 48 ఏళ్లకే పోయాడు. జపాన్ శ్రోతలు మాత్రం ఈ ఆల్బమ్‌ని ఎప్పుడూ వదల్లేదు, అక్కడ ఇది క్లాసిక్కుల లెక్కలోనే ఉంది. ఎడిషన్ల గొడవలో ఈ విషయం మళ్లీ వస్తుంది.

ఏం చూసి తేల్చుకోవాలి

డబ్బా మీద రాసిన పెద్ద పెద్ద మాటలు కాసేపు పక్కన పెట్టండి. ‘24 బిట్’, ‘సూపర్’, ‘ఆడియోఫైల్’... వీటిని చూసి కొంటే బొమ్మని చూసి కొన్నట్టే. నేనైతే ఈ నాలుగూ చూస్తాను.

మొదటిది, శబ్దం ఏ టేపు నుంచి తీశారు. 1959లో స్టూడియోలో తిరిగిన అసలు టేపు ఒకటి ఉంటుంది. దాన్నుంచి తీసిన కాపీలు, ఆ కాపీల నుంచి తీసిన కాపీలు వేరే దేశాల కంపెనీలకు వెళతాయి. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టు ప్రతి మెట్టులోనూ కొంచెం మసక పేరుకుంటుంది. ట్రంపెట్‌లో అది వెంటనే దొరికిపోతుంది, స్వరం మొదలయ్యేచోట ఉండే ఆ చిన్న ‘త’ అరిగిపోతుంది.

రెండోది, ఎంత బిగించారు. మెల్లటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య ఉండాల్సిన దూరాన్ని నొక్కేసి అంతా ఒకే ఎత్తుకి తెస్తే వినగానే హుషారుగా ఉంటుంది. 1990ల చివరి నుంచి సీడీలకు పట్టిన పెద్ద జబ్బు ఇదే. రాక్ పాటకైతే సరిపెట్టుకోవచ్చేమో గానీ, పేరులోనే ‘క్వయట్’ ఉన్న ఆల్బమ్‌ని గట్టిగా చేస్తే ఇంకేం మిగిలింది?

మూడోది పాటల వరుస, కొసరు పాటలు. నాలుగోది, మీ చేతికి ఏమొస్తుంది: అట్ట వెనక వ్యాసం, పేర్లు, ఫోటోలు. మొదటి రెండూ తేలాక ఈ రెండూ మీ ఇష్టం.

| ఎడిషన్ | టేపు ఆచూకీ | శబ్దం | పాటల వరుస | ఎవరికి |
|---|---|---|---|---|
| అప్పటి ఎల్పీ | తిరుగులేదు | బాగున్న కాపీ దొరికితే అద్భుతం | 7 పాటలు | సేకరించేవాళ్లకి |
| పాత ఓజేసీ (ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్) సీడీ | సొంత కంపెనీ టేపు | బిగింపు లేదు, కాస్త పొడిగా | 7 + 1 | చాలామందికి |
| కొత్త రీమాస్టర్ (టేపు నుంచి శబ్దాన్ని మళ్లీ తయారుచేసిన) సీడీ | సాధారణంగా అసలు టేపు | ఎవరు చేశారన్నదాన్ని బట్టి | చూసి కొనాలి | పోల్చి వినే ఓపిక ఉన్నవాళ్లకి |
| జపాన్ సీడీ | ఒక్కో ఎడిషన్‌కి ఒక్కోలా | ఎక్కువగా శుభ్రం | చూసి కొనాలి | అట్టని కూడా ప్రేమించేవాళ్లకి |
| రెండు ఆల్బమ్‌లు ఒకే డిస్క్ | ఎవరికీ తెలీదు | లాటరీ | కలగాపులగం | ఎవరికీ వద్దు |
| స్ట్రీమింగ్ | తెరమీద రాయరు | ఫర్వాలేదు | 7 లేదా 8 | ముందు రుచి చూడ్డానికి |

అప్పటి ఎల్పీ

దీని గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మనలో చాలామందికి ఇది చూసి ఆనందించే వస్తువే. న్యూ జాజ్ ఊదారంగు లేబుల్, గాడులు అయిపోయాక మిగిలే ఖాళీ వలయంలో ‘ఆర్‌వీజీ’ అని వాన్ గెల్డర్ గుర్తు. మంచి స్థితిలో ఉన్నవి అరుదు, దొరికినా వేలంపాటల్లోనే.

ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. ఎల్పీ ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి, సూది లోపలికి వెళ్లేకొద్దీ దాని కింద క్షణానికి సాగే గాడి పొడవు తగ్గిపోతుంది, చివరికి వచ్చేసరికి మొదట్లో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు. ట్రంపెట్ లాంటి మెరుపు వాయిద్యం అక్కడ గరగరమంటుంది. రెండో వైపు చివరి పాట ‘ఓల్డ్ ఫోక్స్’, ఆల్బమ్ మొత్తంలో అతి సున్నితమైన పాటల్లో ఒకటి, సరిగ్గా ఆ ఇరుకులోనే ఉంది. పాత యజమాని బరువైన సూదితో అరగదీసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. సీడీకి ఈ బాధ లేదు, మొదటి పాటా చివరి పాటా ఒకే తీరు.

పాత ఓజేసీ సీడీ

నేను డబ్బాలో పట్టింది ఇదే. ప్రెస్టీజ్‌ని 1971లో కాలిఫోర్నియాకి చెందిన ఫ్యాంటసీ రికార్డ్స్ కొనేసింది, టేపులన్నీ వాళ్ల చేతికి వెళ్లాయి. 1980ల మొదట్లో వాళ్లు ‘ఒరిజినల్ జాజ్ క్లాసిక్స్’ అనే సిరీస్ మొదలుపెట్టి, అటక మీద పడున్న వందల ఆల్బమ్‌లని అప్పటి అట్టబొమ్మలతోనే మళ్లీ వదిలారు, ముందు ఎల్పీలుగా, తర్వాత సీడీలుగా. డిస్క్ వెన్ను మీద ‘ఓజేసీసీడీ’ అని ఉంటుంది. ఈ సిరీస్ సీడీల్లో చాలావాటిని డిజిటల్‌లోకి మార్చింది ఫిల్ డి లాన్సీ, లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో పేరుంటుంది.

నాకు ఇవెందుకు ఇష్టమంటే, వీటిలో ఎవరూ తెలివితేటలు చూపించలేదు. టేపు ఉంది, యంత్రంలో పెట్టారు, వచ్చింది వచ్చినట్టు సీడీలోకి ఎక్కించారు. టేపు సన్నగా బుస్సుమంటుంటే దాన్నీ ఉండనిచ్చారు, అది ఉండాలి కూడా. పాట ఆఖర్లో ట్రంపెట్ ఆగాక గదిలో శబ్దం కరిగిపోవడం ఆ బుస్సు మీదే వినబడుతుంది, బుస్సు తుడిచేస్తే గది కూడా పోతుంది. వాల్యూమ్ తక్కువగా ఉంటుంది, నాబ్ ఇంకొంచెం తిప్పుకోవాలి, అంతే.

లోటు ఏమిటంటే, అప్పటి కన్వర్టర్లు (శబ్దాన్ని అంకెలుగా మార్చే యంత్రాలు) ఇప్పటంత మంచివి కావు. డ్రమ్స్ తాళాల (సింబల్స్) మెరుపులో కాస్త పొడితనం ఉంది. ఫ్లానగన్ పియానో కూడా చెక్కపెట్టె లోంచి వస్తున్నట్టుంటుంది, కానీ అందులో సగం పాపం వాన్ గెల్డర్‌దే. ఆయన పియానోలన్నీ అంతే, ఎవరెన్ని రీమాస్టర్లు చేసినా ఆ పెట్టె తెరుచుకోదు.

ఇక కొసరు. ఎల్పీలో ఏడు పాటలు, సుమారు 40 నిమిషాలు. సీడీలో ఎనిమిదో పాటగా అదే రోజు రికార్డు చేసిన ‘మ్యాక్ ది నైఫ్’ చేర్చారు. 1959 శరదృతువులో బాబీ డారిన్ పాడిన వెర్షన్ అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో ఉంది, మనం కూడా ఒకటి వాయించి చూద్దాం అనుకున్నారేమో. వాయించడం బాగానే వాయించారు, అప్పట్లో పక్కన పెట్టడమూ సరైన పనే. ‘ఓల్డ్ ఫోక్స్’ ముగిసి కళ్లు మూతపడుతుండగా ఇది ఉత్సాహంగా తలుపు తోసుకుని వస్తుంది. ట్రంపెట్ నేర్చుకునేవాళ్లకి ఇంకో సోలో దొరికినట్టే, సంతోషం. ఆల్బమ్‌ని ఆల్బమ్‌లా వినేవాళ్లు ఏడు దగ్గర ఆపుకోవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు డిస్క్‌ని దీపం ముందు పెట్టి చూడండి. వెండిపూతలో సూదిమొన చిల్లుల్లా వెలుతురు కనిపించినా, అంచు గోధుమరంగుకి తిరిగినా వదిలేయండి. గీతలు అంత ప్రమాదం కాదు.

కొత్త రీమాస్టర్లు

ఇక్కడ కాస్త నిలబడాలి. రికార్డు చేసిన మనిషే నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కూర్చుని తన టేపుల్ని తనే సీడీకి మార్చితే ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా. బ్లూ నోట్ కంపెనీ 1990ల చివర్లో వాన్ గెల్డర్ చేత ఆ పనే మొదలుపెట్టించింది, 2006 నుంచి ప్రెస్టీజ్ ఆల్బమ్‌లకీ అలాంటి సిరీస్ వచ్చింది. కానీ ఈ డిస్క్‌ల మీద శ్రోతలు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. ట్రంపెట్ ముందుకొచ్చి మొహం మీద నిలబడుతుంది, డ్రమ్స్‌కి ఊపొస్తుంది, కారులోనో చిన్న స్పీకర్లలోనో వింటే బ్రహ్మాండం. మంచి హెడ్‌ఫోన్స్‌లో గంటసేపు వినండి, చెవి అలిసిపోతుంది. బ్లూ నోట్ ఆవేశానికి అది నప్పొచ్చు, డోరమ్ మెత్తదనానికి మాత్రం నాకు నప్పలేదు. ఇది నా చెవి సంగతి, మీకు ఆ దగ్గరితనమే నచ్చొచ్చు.

మీరే తేల్చుకోవాలంటే ఒక పద్ధతి చెబుతాను. రెండు వెర్షన్లలోనూ ‘లోటస్ బ్లాసమ్’ పెట్టండి. మొదట రిథమ్ బృందం కాస్త లాటిన్ నడకతో ఎత్తుకుంటుంది, తర్వాత ట్రంపెట్ వస్తుంది. ఆ ట్రంపెట్ రెండింటిలోనూ ఒకే గట్టిదనంతో వినబడేలా ముందు వాల్యూమ్ సరిచేసుకోండి. ఈ పని చేయకుండా పోల్చడం దండగ, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేదే బాగుందని చెవి ప్రతిసారీ మోసపోతుంది. సరిచేశాక ‘అలోన్ టుగెదర్’కి వెళ్లి డ్రమ్స్ వైపు వినండి. టేలర్ చప్పుడు ట్రంపెట్‌కి వెనకాల, గది మూలలో ఉందా? లేక ట్రంపెట్ పక్కనే, దానంత ఎత్తులో కూర్చుందా? పక్కనే ఉంటే బిగించేశారని అర్థం.

ఎస్ఏసీడీ (ప్రత్యేక ప్లేయర్ కావాల్సిన సూపర్ ఆడియో సీడీ) ఎడిషన్ కనబడితే ‘హైబ్రిడ్’ అని ఉందో లేదో చూడండి, ఉంటే మామూలు ప్లేయర్‌లో కూడా పాడుతుంది.

జపాన్ సీడీ

అక్కడ ఈ ఆల్బమ్‌కి గిరాకీ ఎప్పుడూ తగ్గలేదన్నాను కదా, కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. చిన్న ఎల్పీలా మందపాటి అట్ట, ఎడమవైపు చుట్టిన ‘ఓబి’ కాగితం, అచ్చు నాణ్యత... చేతిలో పట్టుకుంటే దించబుద్ధి కాదు.

‘ఎస్‌హెచ్‌ఎం-సీడీ’ అన్న మాటకి మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి. 2008 ప్రాంతంలో వచ్చిన ఈ రకం డిస్క్‌లో వాడే ప్లాస్టిక్ ఎక్కువ పారదర్శకం, తేడా అక్కడితో సరి. అందులో ఉండే అంకెలు మామూలు సీడీలో ఉండే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ అంకెలే. తేడా వినబడిందంటే దాదాపు ఎప్పుడూ అది వేరే రీమాస్టర్ కావడం వల్లే. కాబట్టి ప్లాస్టిక్ పేరు వదిలేసి, ఏ ఏడాది ఎవరు మార్చారో చూడండి. చిక్కేమిటంటే ఆ వివరం జపనీస్‌లో ఉంటుంది, లోపలి వ్యాసం కూడా అంతే. చదువుకుందామని కొంటే ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటూ కూర్చోవాలి.

రెండు ఆల్బమ్‌లు ఒకే డిస్క్

చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటాయో. 80 నిమిషాల డిస్క్ నిండా సంగీతం, లోపల బొద్దుగా బుక్‌లెట్, ధర తక్కువ. నేనూ ఒకటి కొన్నాను, ఏ కంపెనీదో అనవసరం. ‘ఓల్డ్ ఫోక్స్’ చివర ట్రంపెట్ కరిగిపోవాల్సిన చోట ఎవరో తలుపు వేసినట్టు టప్పున నిశ్శబ్దం. బుస్సు తీసేసే సాఫ్ట్‌వేర్ పెట్టి, బుస్సుతో పాటు స్వరం తోక కూడా కోసేశారు. బుక్‌లెట్ మొత్తం వెతికాను, టేపు ఎక్కడిదో, ఎవరు మార్చారో ఒక్క ముక్క లేదు.

ఇవి ఇన్ని ఎందుకు పుట్టుకొస్తాయంటే చట్టం వల్ల. యూరప్‌లో రికార్డింగ్ హక్కులు ఒకప్పుడు 50 ఏళ్లే. 2011లో 70కి పెంచారు గానీ అప్పటికే గడువు తీరిపోయినవాటిని మళ్లీ లోపలికి తీసుకోలేదు. అందుకే 1963కి ముందు విడుదలైనవన్నీ అక్కడ ఎవరైనా వేసుకోవచ్చు. అమెరికాలోనైతే ఈ కాలపు రికార్డింగులకి 2067 దాకా రక్షణ ఉంది. చట్టం హక్కు ఇచ్చింది గానీ టేపు ఇవ్వలేదు కదా, అవి అసలు కంపెనీ గోదాములోనే ఉన్నాయి. మరి వీళ్లకి శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంకొకరి సీడీ నుంచో, ఎల్పీ నుంచో. అందరూ ఒకేలా చేస్తారనను, శ్రద్ధగా చేసేవాళ్లూ ఉంటారు. ఏది ఏదో బయటి నుంచి చెప్పలేం, అదే బాధ.

స్ట్రీమింగ్

దీన్ని తిట్టే ఉద్దేశం నాకు లేదు, ఐదారేళ్లు విననిది నేనే. లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ కోత పెట్టని) ఆప్షన్ ఉన్న సేవలో వింటే నాణ్యతలో సీడీకి ఏమీ తీసిపోదు. కానీ రెండు ఇబ్బందులు. మీరు వింటున్నది ఏ ఏడాది మాస్టరో తెరమీద సరిగా ఉండదు, పైగా అదే ఆల్బమ్ రెండు మూడు పేర్లతో కనిపిస్తుంది, అందులో పైన చెప్పిన లాటరీ డిస్క్‌లు కూడా కలిసిపోయి ఉంటాయి. రెండోది, ఆల్బమ్ అయిపోగానే ఆగదు, ‘మీకు ఇది కూడా నచ్చొచ్చు’ అంటూ ఇంకేదో ఎత్తుకుంటుంది. సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేయండి. అట్ట మీద లేబుల్ పేరు ప్రెస్టీజ్, న్యూ జాజ్, క్రాఫ్ట్, కాంకార్డ్ వీటిలో ఏదైనా ఉంటే సరైన ఇంటి నుంచి వచ్చినట్టే, ఎందుకంటే ఆ టేపులు ఇప్పుడు కాంకార్డ్ సంస్థవి, క్రాఫ్ట్ వాళ్ల విభాగమే.

మరి ఎవరు ఏది

జాజ్ అలవాటు లేనివాళ్లు ముందు స్ట్రీమింగ్‌లో ‘అలోన్ టుగెదర్’, తర్వాత ‘బ్లూ ఫ్రైడే’ వినండి. రెండోది పొడుగాటి బ్లూస్, మొదటిసారి తొందరగా కుదురుకోదు, మూడోసారికి చేంబర్స్ బేస్ వెంట మీ కాలే నడుస్తుంది. నచ్చకపోతే డబ్బు మిగిలినట్టే.

ట్రంపెట్ నేర్చుకునేవాళ్లకి ఓజేసీ సీడీ, ఇంకో ఆలోచన అక్కర్లేదు. కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, నెమ్మదిగా తిప్పే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఒక్కో వాక్యం పట్టుకోవచ్చు. డోరమ్ పై స్థాయికి ఊరికే ఎగబాకడు, మధ్య స్థాయిలోనే మాట్లాడతాడు, కాబట్టి రెండేళ్లు సాధన చేసినవాళ్లకి కూడా అందుతాడు. అందినట్టే అంది ఆ తాళం నడక దగ్గర జారిపోతాడు, అది వేరే విషయం. ఎక్కించేటప్పుడు ‘ఎగ్జాక్ట్ ఆడియో కాపీ’ లాంటిది వాడితే, మీ కాపీ ఇతరుల కాపీలతో సరిపోయిందో లేదో అదే చూసి చెబుతుంది.

ఇప్పటికే పాత సీడీ ఉండి, రీమాస్టర్ తీసుకోవాలా అని ఊగిసలాడేవాళ్లు ఆ డబ్బుతో డోరమ్‌దే ‘విజిల్ స్టాప్’ గానీ ‘ఊనా మాస్’ గానీ కొనండి. ఒకే ఆల్బమ్‌కి రెండో కాపీ ఇచ్చే సుఖం కన్నా వినని ఆల్బమ్ ఇచ్చేదే ఎక్కువ. ‘ఊనా మాస్’లో టోనీ విలియమ్స్‌కి అప్పటికింకా ఇరవై ఏళ్లు కూడా లేవు, ఆ డ్రమ్స్ వినండి. బహుమతిగా ఇచ్చేదైతే మాత్రం జపాన్ సీడీ. అవతలివాళ్లు విన్నా వినకపోయినా అట్ట చూసి పడేయరు.

నేను చివరికి కొనిపెట్టింది ఇంకో ఓజేసీ కాపీనే. ఇచ్చేటప్పుడు ఎనిమిదో పాట సంగతి చెప్పాను. ఏడోది అయ్యాక ఎనిమిదోది ఎత్తుకునే లోపు ఒకటి రెండు క్షణాల ఖాళీ ఉంటుంది, వేలు సిద్ధంగా పెట్టుకుంటే ఆ సందులో స్టాప్ నొక్కేయొచ్చు.